పెద్దలకు ఆటలెందుకు?

పట్టణములలోని వృద్ధుల కాలనీలలో పాటల క్లబ్బు, క్యారమ్స్ క్లబ్బు ఉండునని వింటున్నాము. మా కొండకర్లలో, ఆవ దాపున, మనకు చెట్టునీడ, ఒక అరుగు, బొగ్గుతో గీసిన పులి-మేక గళ్లు చాలును.

పిల్లలు అచ్యుతాపురం సెజ్‌లో షిఫ్టులకు పోవుచున్నారు. పెద్దలు ఇంటికి కాపలా. అన్నమునకు లోటు లేదు. "పలకరించేవాళ్లు లేరు అయ్యగారూ" అన్నదే మేము ఇంటింటా వినే మాట. తల్లిదండ్రుల పోషణకై 2007లో వచ్చిన చట్టము తిండి, బట్ట, నివాసము, వైద్యము ఇప్పించగలదు, నవ్వును ఇప్పించలేదు.

"ముసలితనములో ఆటలేమిటి?" అని కొందరందురు. జెకర్యా 8వ అధ్యాయము చూడండి. దేవుడు బాగుచేసిన పట్టణములో కఱ్ఱ పట్టిన వృద్ధులు వీధులలో కూర్చుందురు. పిల్లలు ఆ వీధులలోనే ఆడుకొందురు. ఇద్దరికీ ఒకే వీధి!

పులి-మేకలో పులులు 3, మేకలు 15. ఒంటరి మేకను పులి దూకి చంపును. మేకలు ఒకదాని వెనుక ఒకటి నిలిచినచో పులికి దారి ఉండదు. ఒంటరి పెద్దలకును ఇదే ఉపాయము.

ఈ ఆదివారము ఆరాధన ముగియగానే మీ వీధిలోని తాతగారి యొద్ద, మామ్మగారి యొద్ద అరగంట కూర్చుండండి. పులులను వారికే ఇవ్వండి.