దిగేటప్పుడే బ్రేకు విలువ
తిరుమల ఎక్కేటప్పుడు పరీక్ష ఇంజనుకు, దిగేటప్పుడు బ్రేకులకు. 1944లో ప్రారంభమైన మొదటి ఘాట్ రోడ్డే ఇప్పుడు దిగే దారి. చుట్టూ శేషాచలం అడవి, కింద తిరుపతి, మధ్యలో 36 మలుపులు.

అదేపనిగా బ్రేకు తొక్కితే ప్యాడ్లు వేడెక్కి పట్టు సడలుతుంది. అందుకే కొందరు ఎక్కువ వేడిని తట్టుకునే పెర్ఫార్మెన్స్ ప్యాడ్లు వేయిస్తారు. మంచిదే! కానీ కొండకు బయల్దేరక ముందే, ఖాళీ రోడ్డుపై వేగం పెంచుతూ తగ్గిస్తూ వాటిని డిస్కులకు అలవాటు చేయాలి. రేసు రకమైతే చల్లగా ఉన్నప్పుడు సరిగా పట్టవు. మొదటి మలుపులోనే గుండె గుభేలుమంటుంది. పాత బ్రేక్ ఆయిల్ మరిగిందంటే ఎంత ఖరీదైన ప్యాడ్లయినా దండగే.

ఏ ప్యాడ్లున్నా రెండో గేరులో దిగండి. వేగాన్ని ఇంజనే పట్టి ఉంచుతుంది. గోవిందనామం చెప్పుకుంటూ నిదానంగా వస్తే అలిపిరి ఎక్కడికీ పోదు.