రేకు వెనక తడి

"వ్యాన్‌ లోపల ఎండ, చలి ఆపడానికి ఏ షీటు కొట్టించాలో నువ్వొచ్చి చూసి చెప్పన్నా" అని పిన్ని కొడుకు పట్టుబడితే బాన్సువాడ వెళ్లాను. ముసలి తల్లిదండ్రులకు ఊళ్లు చూపించాలని పాత వ్యాన్‌ కొన్నాడు. పడకలు, పొయ్యి, అన్నీ అందులోనే. బండి పని జరిగే షెడ్డు చుట్టూ నిజాంసాగర్ కాలువ కింద పారే వరి మళ్లు. 1931లో మంజీరపై కట్టడం పూర్తయిన ఆ జలాశయమే ఈ నేలను పచ్చగా ఉంచింది. పుష్యమాసం తెల్లవారుజామున బయట నిలిపిన బండి రేకు చేతికి తడిగా తగులుతుంది.

వేరే ఊళ్లో ఎవరో ముందే గాజు దూది కుక్కి, పైన ప్లైవుడ్ బిగించేశారట. షెడ్డు మేస్త్రీ, అందరూ ఉస్తాద్ అనే ఆయన, ఆ ప్లైవుడ్ ఊడదీశాడు. దూది ముద్దలై కిందికి జారిపోయింది, వెనక రేకంతా జంగు. ఆయన పిడికెడు తీసి పిండితే వేళ్ల సందుల్లోంచి ఎర్రటి నీళ్లు కారాయి.

"వాన పడ్డదా లోపట?" అన్నాడు మా తమ్ముడు.

"వాన గాదు పటేలా. మీ ఊపిరే."

ముగ్గురు మనుషులు తలుపులు మూసుకుని రాత్రంతా పడుకుంటే ఊపిరితో, చెమటతో లీటరు దాకా నీరు గాలిలో కలుస్తుంది. ఆ గాలి దూది సందుల్లోంచి వెళ్లి చల్లటి రేకును తాకగానే నీటిబొట్టవుతుంది. దూది దాన్ని పట్టుకుని వదలదు. థర్మకోల్ అంతగా నీరు పీల్చకపోయినా, వంపు తిరిగిన రేకుకు అతుక్కోదు, వెనక ఖాళీ మిగులుతుంది. పైగా నిప్పు తగిలితే కరిగి కారుతుంది. పొయ్యి పెట్టుకునే బండికి అది తగదు.

ఉస్తాద్ ఎంచుకున్నది ఏసీ పైపులకు చుట్టే నల్ల రబ్బరు, నైట్రైల్ షీటు. అందులో గాలి గదులు దేనికది మూసుకుని ఉంటాయి కాబట్టి తడి లోపలికి పోదు. కానీ నన్ను కట్టిపడేసింది ఆ షీటు కాదు, ఆయన బొటనవేలు. జంగు గీకి, రంగు వేసి ఆరిన రేకు మీద షీటు పరిచి, నడిమి నుంచి అంచులకు వేలితో ఒత్తుకుంటూ పోయాడు. ఒకచోట ఆగి, చెవి ఆనించి తట్టి, "గాలున్నది" అని మళ్లీ పీకాడు. నాకు ఏ తేడా వినబడలేదు. ఆ పని ఎవరికైనా నేర్పుతున్నారా అని అడిగాను. "నా తోటి వచ్చే పిలగాడు దుబాయి పోయిండు" అన్నాడు.

కోపం వచ్చింది నాకు. చూసి నేర్చుకుందామంటే, మా తమ్ముడు చూసిన వీడియోలన్నీ మంచు దేశాలవి. లోపలివైపు ప్లాస్టిక్ కాగితం పరచాలంటాయవి. అక్కడ వెచ్చటి తడి గాలి ఎప్పుడూ లోపలే ఉంటుంది. మనకు ఆషాఢంలో ఏసీ వేస్తే వెచ్చటి తడి గాలి బయట, చల్లదనం లోపల. బయటి తడి అదే కాగితం వెనక చిక్కుకుంటుంది. ఈ లెక్క మన వానలకు, మన ఎండలకు కట్టి, మన మేస్త్రీలకు అర్థమయ్యే తెలుగులో నాలుగు పేజీలు రాయడానికి ఎవరికీ తీరిక లేదా?

షీటు సంగతికే వస్తే, మన కురుమలు, గొల్లలు మందల వెంట తిరుగుతూ గొంగడి కప్పుకునే వానలో పడుకున్నారు. ఉన్ని తన బరువులో దాదాపు మూడో వంతు ఆవిరిని పీల్చుకున్నా చేతికి తడి తెలియదు, పొడి గాలి తగిలితే తిరిగి వదులుతుంది. సులువుగా అంటుకోదు కూడా. చిమ్మెట పట్టకుండా చూడాలి, అంతే. ఆ దక్కనీ ఉన్ని అమ్మితే ఇవాళ గొర్రెల కాపరికి కత్తిరింపు కూలి కూడా గిట్టడం లేదు. దాన్ని పలకలుగా చేసి వ్యాన్లకు, ఇళ్లకు వాడి చూడాలని మనవాళ్లెందుకు అనుకోరు? ఉస్తాద్‌ను అడిగితే, "తెచ్చియ్యుండ్రి, కొట్టి చూస్తా" అన్నాడు వెంటనే.

సాయంత్రం తలుపుల దగ్గర కూర్చున్నాడు. నీళ్లు పోయే తూట్లను పాత మేస్త్రీ జిగురుతో మూసేశాడు. ఉస్తాద్ మేకుతో ఒక్కొక్కటే పొడిచాడు. మూడో తూటులోంచి చెంచాడు జంగు నీళ్లు ఆయన పాదం మీద పడ్డాయి. "గివి మాత్రం మళ్ల మూయకు" అని మా తమ్ముడికి వేలెత్తి చెప్పి, నాలుగో తూటు వెతుక్కున్నాడు.