చర్చికి అద్దె ఇల్లా, సొంత స్థలమా?

ఈ మధ్య ఒక చర్చి వాళ్లకి లెక్కలు చూసి పెట్టాను. నవ్వకండి. దేవుడున్నాడా లేడా అని వాళ్లు నన్ను అడగలేదు. అడిగితే నా జవాబేమిటో వాళ్లకి తెలుసు. అద్దెకుండాలా, స్థలం కొనుక్కోవాలా అని మాత్రమే అడిగారు. రక్షణ శాఖ లెక్కల విభాగంలో ముప్ఫై ఏళ్లకి పైగా బిల్లులు చూసినవాణ్ణి, అలాంటి ప్రశ్న వస్తే కాగితం, పెన్సిలు వాటంతటవే చేతిలోకి వస్తాయి.

మా చెల్లెలు వాళ్లు బస్తర్‌లో, జగదల్‌పూర్‌లో ఉంటారు. నేను విశాఖ నుంచి కిరండూల్ రైలెక్కి వెళ్లినప్పుడల్లా వాళ్ల పక్కింటి తాపీమేస్త్రీ వచ్చి కబుర్లు చెబుతాడు. శ్రీకాకుళం వైపు మనిషి. ఆయన వెళ్లే సంఘంలో ముప్ఫై కుటుంబాలు. సగం మంది తెలుగు కూలీలు, సగం మంది హల్బీ మాట్లాడే ఆదివాసులు. ఒకరింటి ముందు హాలు నెలకి 4,000 అద్దెకి తీసుకుని ఆదివారాలు ప్రార్థన చేసుకుంటారు. ఒప్పందం కాగితం లేదు, రసీదు లేదు. ఇంటాయన ముందు మైకు వద్దన్నాడు, తర్వాత చప్పట్లూ వద్దన్నాడు.

"ఎన్నాళ్లు గురువుగారూ, అద్దె కట్టడమంటే నీళ్లలో పోసినట్టే కదా" అన్నాడు మేస్త్రీ. ఊరి చివర స్థలం చూశారట. 7 లక్షలు. చేతిలో రెండున్నర ఉంది, మిగతాది తలా కొంత అప్పు తెస్తారట.

సరే, లెక్క వేశాను. 7 లక్షలకి ఏడు శాతం వడ్డీ చొప్పున ఏడాదికి 49,000. అద్దె ఏడాదికి 48,000. అంటే నీళ్లలో పోస్తున్నదేమీ లేదు. పైగా స్థలం కొన్నాక గోడలు, రేకులు, కరెంటు వేరే. స్థలం ధర పెరుగుతుంది కదా అన్నాడు. పెరిగితే అమ్ముతారా అన్నాను. ప్రార్థన స్థలం ఎలా అమ్ముతాం అన్నాడు. మరి పెరిగి లాభమేమిటి?

అసలు చిక్కు ఆ తర్వాత బయటపడింది. "రిజిస్ట్రేషన్ ఎవరి పేరు మీద?" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. అమ్మేది ఆదివాసీ. బస్తర్ ఐదో షెడ్యూలు ప్రాంతం. అక్కడ 1959 నాటి భూ రెవెన్యూ కోడ్, సెక్షన్ 165 ప్రకారం ఆదివాసీ భూమి ఆదివాసీయేతరులకి బదిలీ కాదు. మన ఏజెన్సీలో 1/70 చట్టం తెలిసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. నేను ఆ చట్టం పక్షమే, అది లేకపోతే అక్కడ ఆదివాసీకి గజం భూమి మిగలదు. సంఘం అన్నది ఆదివాసీ కాదు కాబట్టి సభ్యుల్లో ఒక గోండు కుర్రాడి పేరున కొందామని వీళ్ల ఆలోచన. అతను క్రైస్తవుడైనా ఆదివాసీయే. ఎస్సీలకి 1950 ఉత్తర్వులో ఉన్న మత షరతు ఎస్టీలకి లేదు. అంతవరకూ బాగానే ఉంది. కానీ డబ్బు ముప్ఫై ఇళ్లది, పట్టా ఒకడిది. రేపు 1988 నాటి బినామీ చట్టం కింద ఎవరైనా ప్రశ్నిస్తే? అతను పోతే? వారసులు మా నాన్న భూమి అంటే ఏ కోర్టుకి వెళ్తారు?

"సొంతదైతే ఎవరూ లేవమనరు కదా" అన్నాడు మేస్త్రీ. ఆ మాటకి నా దగ్గర లెక్క లేదు, వార్తలున్నాయి. 2023 జనవరి 2న నారాయణ్‌పూర్‌లో గుంపు చొరబడి ధ్వంసం చేసింది అద్దె హాలుని కాదు, సొంత చర్చినే. అడ్డుకోబోయిన జిల్లా ఎస్పీకే తల పగిలింది. ఇంకొకటి చెప్పాను. దర్భా దగ్గర ఛింద్‌వాడా గ్రామంలో 2025 జనవరి 7న ఒక పాస్టర్ చనిపోయాడు. ఊరి శ్మశానంలో వద్దన్నారు. మా సొంత పొలంలోనైనా పాతిపెట్టుకోనివ్వండని కొడుకు సుప్రీం కోర్టు దాకా వెళ్లాడు. జనవరి 27న ఇద్దరు న్యాయమూర్తుల్లో ఒకరు సొంత పొలంలో సరే అన్నారు, మరొకరు కాదన్నారు. చివరికి ఇరవై కిలోమీటర్లకి పైగా దూరాన, కర్కాపాల్‌లోని క్రైస్తవ శ్మశానానికి పంపారు. అప్పటిదాకా శవం మార్చురీలోనే ఉంది. పట్టా చేతిలో ఉన్నవాడి సంగతి ఇది.

మేస్త్రీ ఏమీ అనలేదు. మా చెల్లెలు మాత్రం "అన్నయ్యా, వాళ్లని భయపెట్టకు" అంది. భయపెట్టడం కాదు. అద్దె హాలు పోతే ఒక నెల పోతుంది. స్థలం పోతే ముప్ఫై ఇళ్ల అప్పు మిగులుతుంది.

మన వాళ్లలో కొందరు, మూఢనమ్మకాల దుకాణానికి నువ్వు ఆడిటర్‌వా అని అడుగుతారని తెలుసు. కూలి డబ్బు ఎవరిదైనా కూలి డబ్బే. అదీగాక, నలుగురూ కలవడానికి చోటు కావాలన్నది భక్తులకే పరిమితమైన అవసరం కాదు. గోరా గారు 1940లో ముదునూరులో పెట్టిన నాస్తిక కేంద్రం 1947లో విజయవాడకి వచ్చి అక్కడ స్థిరపడింది. చోటు లేని చోట మన సమావేశాలు ఎవరో ఒకరి వరండాలో జరగడం మీకు తెలియనిదా?

నేను చెప్పింది ఇదీ. ముందు సొసైటీగా రిజిస్టర్ చేసుకోండి. రెండున్నర లక్షలు ముగ్గురి సంతకాలతో నడిచే ఖాతాలో వెయ్యండి, అందులో పాస్టరుగారి బంధువు ఉండకూడదు. పదకొండు నెలల అద్దె కాగితం రాయించుకోండి. ప్రార్థనకే అని అందులో స్పష్టంగా ఉండాలి. కొనాలంటే టౌన్లో ఆదివాసీయేతరుడి స్థలం, డైవర్షన్ అయినది, సొసైటీ పేరున మాత్రమే.

పాస్టరుగారికి మూడు సంతకాల మాట నచ్చలేదట. "దేవుడి డబ్బుకి కూడా అనుమానమా" అన్నారట. ఆడవాళ్లు పట్టుబట్టారని మేస్త్రీ తర్వాత ఫోన్లో చెప్పాడు. ఖాతా తెరిచారు. ఇంటాయన మాత్రం కాగితం మీద ప్రార్థన అన్న మాట రాయనంటున్నాడు, కోచింగ్ సెంటర్ అని రాస్తాడట. అలా రాస్తే సంతకం పెట్టవద్దన్నాను.

"రసీదుకి స్టాంపు కావాలా గురువుగారూ?" అని అడిగాడు. 5,000 దాటితేనే అన్నాను.