బంతి వేసేవాళ్లను మరిచిపోతున్నామా?

టీవీలో క్రికెట్ వస్తుంటే వంటింట్లో ఉన్న మన చెవిన పడేవి సిక్సర్లు, సెంచరీల మాటలే కదా! బంతి వేసేవాళ్ల ఊసు ఎవరెత్తుతారు? కానీ టెస్టు మ్యాచ్ గెలవాలంటే మామూలుగా అవతలివాళ్ల ఇరవై వికెట్లూ పడాలి. ఎన్ని పరుగులు చేసినా వికెట్లు పడకపోతే డ్రానే. అలాంటి వికెట్లు తీసినవాళ్లు మన హైదరాబాద్‌లో ఎందరో!

మొదట చెప్పుకోవలసింది గులాం అహ్మద్ గారిని. 1948 డిసెంబర్ ఆఖరున తొలి టెస్టు ఆడారు. 1956లో కలకత్తాలో ఆస్ట్రేలియాపై ఒకే ఇన్నింగ్స్‌లో 49 పరుగులకు 7 వికెట్లు తీశారు. భారత జట్టుకు కెప్టెన్ కూడా అయ్యారు. ఆబిద్ అలీ 1967లో అడిలైడ్‌లో తన మొదటి టెస్టులోనే 55 పరుగులిచ్చి 6 వికెట్లు పడగొట్టారు. తర్వాత శివలాల్ యాదవ్ 35 టెస్టుల్లో 102, వెంకటపతి రాజు 28 టెస్టుల్లో 93 వికెట్లు తీశారు. కన్వల్‌జీత్ సింగ్ అయితే ఫస్ట్ క్లాస్ మ్యాచ్‌ల్లో మూడు వందలకు పైగా వికెట్లు తీసినా, భారత జట్టులో ఒక్క టెస్టూ ఆడలేదు.

2013 నవంబర్‌లో ముంబైలో జరిగిన సచిన్ చివరి టెస్టు మనమంతా కళ్లు తుడుచుకుంటూ చూశాం. అందులో పది వికెట్లు తీసి 'మ్యాన్ ఆఫ్ ది మ్యాచ్' అయింది హైదరాబాద్ ఆటగాడు ప్రజ్ఞాన్ ఓజా! అతనికీ అదే చివరి టెస్టు అయింది. ఎంతమందికి గుర్తుంది చెప్పండి?

మన సిరాజ్ ఆటోడ్రైవర్ కొడుకు. 2020 నవంబర్‌లో అతను ఆస్ట్రేలియాలో ఉండగా తండ్రి పోయాడు. తల్లి ఆ దుఃఖంలోనే, అక్కడే ఉండి తండ్రి కోరిక తీర్చమంది. 2021 జనవరిలో బ్రిస్బేన్‌లో ఒకే ఇన్నింగ్స్‌లో 5 వికెట్లు తీశాడు. 2025 ఆగస్టులో ఓవల్‌లో ఇంగ్లండ్‌పై 6 పరుగుల తేడాతో మనం గెలిచినప్పుడూ ఆఖరి వికెట్ అతనిదే. ఆ తల్లి గుండె నిబ్బరానికి దండం పెట్టాలి!

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, పదో తరగతి చదివే మా చిన్నమ్మాయి బౌలింగ్ నేర్చుకుంటానంది. "ఆడపిల్లకు బంతాటేంది? చేతులు కాయలు గాస్తయి" అంది అత్తమ్మ. "రొట్టెలు చేసి, బట్టలు పిండి మన చేతులు కాయలు గాయలేదా అత్తమ్మా?" అన్నాను. హైదరాబాద్ నుంచే పూర్ణిమా రావు భారత మహిళల జట్టుకు కెప్టెన్ అయిందనీ, గౌహర్ సుల్తానా దేశానికి బౌలింగ్ చేసిందనీ చెప్పాను. కడప జిల్లా పిల్ల శ్రీచరణి 2025 ప్రపంచ కప్‌లో 14 వికెట్లు తీయడం అత్తమ్మ కూడా టీవీలో చూసిందే. ఇంకేమీ అనలేకపోయింది.

ఇప్పుడు మా అమ్మాయి పొద్దున్నే గ్రౌండుకు వెళుతోంది. రేపు పెద్ద ఆటగత్తె అవుతుందో లేదో నాకు అక్కర్లేదు. ఓపికగా ఒకే పని వందసార్లు చేయడం నేర్చుకుంటే చాలు. మీ ఇంట్లోనూ ఆడపిల్ల బంతి పట్టుకుంటే వెంటనే లాక్కోకండి. నాలుగు రోజులు వేయనిచ్చి చూడండి!