తాడు బామ్మర్ది చేతిల ఉంటది

 కొంచెం పెద్ద పోస్టు, ఓపికతోని చదవండి.

ఈ మధ్య మన పిల్లల ఫోన్లల్ల ఒక తీరు వీడియోలు బాగా తిరుగుతున్నయి. అమెరికాల జింకల వేటకు పోయేటోళ్లు చెట్టు మీద మంచె కట్టరు. నడుముకు, పిర్రల కిందికి వచ్చే పట్టీల జీను ఒకటి వేసుకుంటరు, దాన్ని తాడుతోని మానుకు తగిలిస్తరు, ఉయ్యాలల కూసున్నట్టు పొద్దంత ఆడనే ఉంటరు. దాన్ని శాడిల్ అంటరు, అంటే జీనే. మొత్తం సామాను ఒక బ్యాగుల పడుతది. "అన్నా, ఇది మన నల్లమలల పనికొస్తదా?" అని ఇద్దరు ముగ్గురు తమ్ముళ్లు నన్ను అడిగిండ్రు. పనికొస్తది. కానీ దుప్పుల కోసం గాదు.

ముందు అదెట్ల పనిచేస్తదో చెప్తా. ఎక్కేటప్పుడు మాను చుట్టు ఒక తాడు తిప్పి, రెండు కొసలు నడుము పట్టీకి రెండు దిక్కుల తగిలిస్తరు. కరెంటు స్తంభం ఎక్కే లైన్‌మెన్ బెల్టు ఇట్లనే ఉంటది. చేతులు రెండూ ఖాళీగ ఉంటయి. చిన్న చిన్న నిచ్చెన ముక్కలు ఒకదాని మీద ఒకటి మానుకు కట్టుకుంట పైకి పోతరు. బరువు తగ్గాలంటే ఒక్క ముక్కనే తీస్కపోతరు. దాని మీద నిలబడి, పై తాడుకు వేలాడి, కింద ముక్కను విప్పి మళ్ల పైన కట్టుడు. ఇంకొందరు కొమ్మ మీంచి తాడు వేసి, ప్రూసిక్ ముడితోని ఆ తాడు వెంబడే ఎక్కుతరు. బరువు లేనప్పుడు ఆ ముడి జారుతది, బరువు పడంగనే బిగుసుకుంటది. కార్ల్ ప్రూసిక్ అనే ఆస్ట్రియా పర్వతారోహకుడు 1931ల దీన్ని లోకానికి చెప్పిండు.

మన నల్లగొండ, పాలమూరు గౌడన్నల మోకు కూడ ఇసొంటిదే గదా అంటరు మీరు. నిజమే, సగం. మోకు మనిషి వెనుకకు వాలిన బరువు మీద, కాళ్ల పట్టు మీద నిలబడుతది. వానకు మాను నానితే, కాలు జారితే, మోకు కూడ జారుతది. జీను తాడు అట్ల గాదు, మనిషి బరువుకు మాను చుట్టు ఉరి లెక్క బిగుస్తది. అందుకే గీత కార్మికుల కోసం 2024 జులై 14న లష్కర్‌గూడల కాటమయ్య రక్ష కిట్లు మొదలుపెట్టిండ్రు.

ఇగ దుప్పుల ముచ్చట. 1972 వన్యప్రాణి చట్టం వేటను నిషేధించింది. ఆ చట్టంల వేట అన్న మాటకు అర్థం చంపుడు ఒక్కటే గాదు, చంపనీకి చేసే ప్రయత్నం కూడ వేటనే. 2006 అటవీ హక్కుల చట్టం మనకు చాన ఇచ్చింది. తేనె, జిగురు, ఇప్పపువ్వు సేకరించుకునే, అమ్ముకునే హక్కు సెక్షన్ 3(1)(సి)ల ఉన్నది. కానీ అదే సెక్షన్‌ల, సంప్రదాయ హక్కులు రాసిన కాడనే, వేట హక్కును పక్కకు పెట్టిండ్రు. అమ్రాబాద్ టైగర్ రిజర్వు నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాలల్ల 2,611 చదరపు కిలోమీటర్లున్నది. దాంట్ల జీను వేసుకొని విల్లు పట్టుకొని చెట్టెక్కినోని సంగతేందో ఊహించుకోండి. ఒక్క కేసు పడితే చదువు, ఉద్యోగం రెండూ పాయె.

ఇంకో మాట. చెంచోళ్లంటే బయటోళ్లకు విల్లంబులే యాదికొస్తయి. 1940ల మనోళ్ల నడుమ ఉండి 1943ల పుస్తకం అచ్చేసిన హైమెన్‌డార్ఫ్ దొర కూడ మన తిండిల ఎక్కువ పాలు గడ్డలు, పండ్లు, ఆకులదేనని, వేట మాంసం పాలు తక్కువని రాసిండు. ఫరహాబాద్‌ల శిథిలమైన షికారు బంగ్లా నిజాం ప్రభువులది, మన తాతలది గాదు. వేటగాళ్లన్న పేరు మనకు, బంగ్లా వాళ్లకు!

మరి జీను యాడ పనికొస్తది? తేనె కాడ.

మా పెంటల కొండ తేనె తీసుడు సూసినోళ్లకు తెలుసు. పైన చెట్టుకు తాడు కట్టి ఒకడు లోయలకు దిగుతడు. పైన తాడు కాడ బామ్మర్ది కూసుంటడు. అన్నదమ్ముడు గాదు, బామ్మర్దే. అక్కనో చెల్లెనో ముండమోయనియ్యడని నమ్మకం. నవ్వులాట లెక్క చెప్తరు గానీ దాంట్ల పెద్ద లెక్కున్నది. పైన నమ్మకమైన మనిషి లేంది కిందికి దిగొద్దు.

కానీ చెట్టు తేనెకు ఈ పద్ధతి లేదు. చెట్టే గదా అని ఒక్కడే ఎక్కుతడు, తాడు లేకుంట. మా చిన్నమామ ఎన్నేండ్లు కొండలు దిగిండో, గీత కూడ పడలే. ఏడేండ్ల కింద ముప్పై అడుగుల నల్లమద్ది మీదికెళ్లి పడ్డడు. కాలు పెట్టిన కొమ్మ ఎండుదని కింది నుంచి కనబడలే. రోడ్డు దాక మంచంల మోస్కొచ్చినం, అంబులెన్స్ దొరికేటాల్లకు చీకటి పడ్డది. ఇప్పుడు నడుము కింద స్పర్శ లేదు. పెంటల కూసోని తాళ్లు పేనుతడు.

ఆ వీడియోలు సూసినప్పుడల్ల నాకు మామనే యాదికొస్తడు. నడుముకు ఒక్క తాడు మానుకు కట్టి ఉంటే, కొమ్మ విరిగినా ఆడనే వేలాడుతుండె.

అయితే అమెరికోని సామాను ఉన్నదున్నట్టు తెస్తే మనకు వేరే గండం ఉన్నది. అదేందంటే నిప్పు. జింక కోసం కూసున్నోనికి పొగతోని పని లేదు, మనకు పొగ లేంది తేనె లేదు. ఆ తాళ్లు నైలాన్, పాలిస్టర్. నిప్పు సోకితే కరుగుతయి. నారతాడు కమిలితే వాసనొస్తది, కంటికి కనబడుతది. ఇది మాత్రం గుట్టుగ సన్నబడుతది. అందుకే పొగ కట్టను వేరే తాడుకు కట్టి, మనిషికి దూరంగ పక్కకు వేలాడదియ్యాలె. మా తాత అట్లనే చేసెటోడు.

మాను కూడ సూడాలె. నల్లమద్ది బెరడు మొసలి తోలు లెక్క ఉంటది, తాడు గట్టిగ పట్టుకుంటది. జిగురు తీసే తపసి చెట్టు తెల్లగ, నున్నగ ఉంటది. దాని మీద తాడు జారుతది, రెండు సుట్లు తిప్పాలె.

ఇంకో గండం చాన మందికి తెల్వదు. స్పృహ తప్పి జీనుల వేలాడితే కాళ్లల్ల నెత్తురు నిలబడి, కొన్ని నిమిషాలల్లనే పానం మీదికొస్తది. అంటే ఎంత మంచి సామానున్నా కింద దించనీకి ఇంకో మనిషి ఉండాల్సిందే. బామ్మర్ది లెక్క ఇక్కడ కూడ వర్తిస్తది. సంతల దొరికే బావి తాడుతోని ఎవ్వరూ ప్రయోగాలు చెయ్యకండి. మనిషి బరువు కోసం చేసిన తాడే కావాలె.

నేర్చుకోనీకి దూరం పోవాల్సిన పని లేదు. 2014 మే 25న పదమూడేండ్ల వయసుల ఎవరెస్టు ఎక్కిన మన లంబాడ చెల్లె మాలావత్ పూర్ణ మొదట తాడు పట్టింది భువనగిరి గుట్ట మీదనే. గౌడన్నలకు కిట్టు ఇచ్చినట్టు, తేనె తీసే పెంటలకు కూడ జీను, తాడు, శిక్షణ కావాలని గ్రామసభల తీర్మానం రాసి ఐటీడీఏకు ఇద్దామని మా పెంటోళ్లం అనుకుంటున్నం. కాయితం నేను రాస్తున్న. మీ పెంటల, మీ తండల చెట్టు మీదికెళ్లి పడ్డోళ్లు ఉంటే ఏ చెట్టు, ఎంత ఎత్తు, తాడు ఉండెనా లేదా, ఇంకో మనిషి ఉండెనా లేదా, ఈ నాలుగు ముచ్చట్లు రాసి పంపండి. పేర్లు అవసరం లేదు. తేనె దినాలు మొదలుగాక ముందే ఇయ్యాలె.