చేతికి తగిన రాకెట్టు

గత సంవత్సరము మా అమ్మాయిని టెన్నిసు ఆటలో చేర్చిన పిదప, నిత్యము మైదానపు గట్టున ఊరక కూర్చుండుటకు మనసొప్పక, మేమును ఆడ నారంభించితిమి. నలువది యేండ్లకు ఆటలేమిటని నవ్వినవారు లేకపోలేదు. ఆ నవ్వునకు జంకి, ఎవ్వరిని అడుగక, చూపునకు సొగసైన రాకెట్టు నొకదానిని కొని తెచ్చుకొంటిమి.

అది ఆరితేరినవారు పట్టునట్టిది. బరువు 315 గ్రాములు, ముఖము చిన్నది, తీగెలు మిక్కిలి బిగువు. నెల తిరుగకమున్నే మోచేయి పట్టుకొనెను. చపాతీ వత్తుటకైనను చేయి సాగదయ్యెను. "ఈ వయస్సున నీకెందుకు? మానుకో" అని మావారనిరి. మేమును మానుకొనదలచితిమి. ఆట నేర్పునామె మా రాకెట్టును చేతబట్టి చూచి, "తప్పు వయస్సుది కాదమ్మా, దీనిది" అనెను.

ఆమెవలన నేర్చినది సోదరీమణులకు విన్నవించుచున్నాము. క్రొత్తగా నేర్చువారికి తీగెలు లేకుండ 260 మొదలు 285 గ్రాముల బరువు, 100 మొదలు 105 చదరపు అంగుళముల ముఖము చాలును. ముఖము పెద్దదైనచో బంతి నడుమ తగులకున్నను కొంత సాగిపోవును. చేయి కుదిరి, దెబ్బ నిండుగా వచ్చుచున్న పిదప 285 మొదలు 300 గ్రాములది పట్టవచ్చును. మరీ తేలికదియు మంచిది కాదు; బంతి అదురు చేతికెక్కును. పిడిని పట్టినపుడు వ్రేళ్లకొనలకును అరచేతికిని నడుమ రెండవచేతి చూపుడువ్రేలు పట్టవలెను. గట్టి పాలియెస్టరు తీగెలకంటె మెత్తని నైలాను తీగెలు, కొంచెము వదులుగా బిగించినవి, మోచేతికి మేలు.

పెద్దల రాకెట్టు పొడవు సాధారణముగా 27 అంగుళములు. పిల్లలకు ఎత్తునుబట్టి 19 మొదలు 26 అంగుళములవి దొరకును. ఎదిగిన పిదప సరిపోవునని గౌనువలె పెద్దది కొనరాదు.

పూర్వము కొయ్య రాకెట్లు బరువుగను, చిన్న ముఖముతోను ఉండెడివి. 1976లో హవర్డ్ హెడ్ అను నాతడు 110 చదరపు అంగుళముల ముఖముగల ప్రిన్స్ రాకెట్టును తెచ్చెను. నేర్చువారికి సులువైన సాధనమున్న యీ దినములలో, బరువైనదే గొప్పయని భ్రమించి మేము చేతిని నొప్పించుకొంటిమి.

ఇపుడు 270 గ్రాముల రాకెట్టుతో అమ్మాయితో కలసి ఆడుచున్నాము. నొప్పి క్రమముగా తగ్గినది. ఓడుట మాత్రము మాకే తప్పుటలేదు. ఏ పని చేతకాకున్నను మనము మొదట మన దేహమునే నిందించుకొందుము. చేతనున్న పనిముట్టును కూడ ఒకమారు పరీక్షించి చూడుడు.