పెన్న ఒడ్డు పుటలు

1 అక్టోబరు 2021, శుక్రవారం

వాతావరణ శాఖ ఈశాన్య రుతుపవనాల అంచనా వచ్చింది. దక్షిణాదిలో మూడు నెలల వాన సాధారణమేనట, సగటులో 89 నుంచి 111 శాతం మధ్య. పసిఫిక్‌లో లానినా ఛాయలున్నాయంటున్నారు. అదున్న ఏడు మనవైపు ఈ వానలు తగ్గడమే ఎక్కువ. నెల్లూరుకి ఏడాది వానలో సగానికి పైగా ఈ మూడు నెలలదే కాబట్టి కోవూరులో బామ్మర్దికి ఫోన్ చేసి చదివి వినిపించా. "సగటుతో మనకేం పని బావా, సోమశిల్లో ఎన్ని టీఎంసీలుండాయో చెప్పు" అన్నాడు.

12 నవంబరు, శుక్రవారం

వాయుగుండం నిన్న సాయంత్రం చెన్నై దగ్గర తీరం దాటింది. ఇక్కడ ముసురు వదల్లేదు.

సోమశిల దాదాపు నిండింది. 78 టీఎంసీల జలాశయం, ఊరంతా సంబరం. నవంబరులో నిండుకుండ అంటే వెనకొచ్చే వరదకి చోటు లేదనే నా లెక్క. అయితే కాస్త ఖాళీ పెట్టుకోమంటే ఏ రైతు ఒప్పుకుంటాడు? వాన మొహం చాటేస్తే మొదటి కారుకి నీళ్లెవరిస్తారు? గేట్ల దగ్గర కూర్చున్న ఇంజనీరు పని నేనైతే చెయ్యలేను.

18 నవంబరు, గురువారం రాత్రి

ఇంకో వాయుగుండం. తిరుపతి వీధుల్లో మోటారు సైకిళ్లు కొట్టుకుపోతున్నాయి, తిరుమల ఘాట్ రోడ్లు మూసేశారు. టీవీ కెమెరాలన్నీ అక్కడే. నా దిగులు కడప వైపు. బాహుదా, పింఛ కలిస్తే చెయ్యేరు. చెయ్యేరు పెన్నలో కలిసేది సోమశిలకి ఎగువన. ఇక్కడ చినుకు పడకపోయినా అక్కడ కురిసింది మా పొర్లుకట్ట దాకా వస్తుంది.

20 నవంబరు, శనివారం

నిన్న తెల్లవారేసరికి చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగిపోయింది. పైన పింఛ కట్ట అంతకుముందే తెగిందట. పులపత్తూరు, మందపల్లి మీద పడింది చెయ్యేరు. కొట్టుకుపోయినవాళ్లలో కార్తీక పౌర్ణమి దీపాలకి గుడికి పోయినవాళ్లు కూడా ఉన్నారంటున్నారు. ఐదు గేట్లలో ఒకటి పనిచెయ్యలేదన్న మాట నిన్నటి నుంచి తిరుగుతోంది. అదే నిజమైతే వానని తిట్టి లాభం లేదు.

సోమశిల నుంచి వదిలింది 5 లక్షల క్యూసెక్కులు దాటింది. పాలలెక్క కాగితం వెనక పెన్సిలుతో వేసి చూశా. రోజంతా పదకొండున్నర వేల క్యూసెక్కులు పారితే ఒక టీఎంసీ. ఈ లెక్కన రోజుకి 43. సోమశిల అడుగంటి ఉన్నా రెండు రోజుల్లో నిండేది.

వంతెన మీద జనం సెల్ఫీలు దిగుతున్నారు. కింద నీళ్లు టీ రంగులో, వేళ్లతో సహా లేచొచ్చిన తుమ్మచెట్టు స్తంభానికి అడ్డంపడి గిరగిరా తిరుగుతోంది. పోలీసాయన విజిల్ ఊది ఊది విసిగిపోయాడు.

21 నవంబరు, ఆదివారం

పడుగుపాడు దగ్గర రైలుకట్ట కొట్టుకుపోయి పట్టాలు గాల్లో వేలాడుతున్నాయి. కోవూరు దగ్గర హైవే కూడా దెబ్బతింది, లారీలు ఎక్కడివక్కడే. చెన్నై, కోల్‌కతా దారి మా ఊరి దగ్గర తెగిందంటే ఎవరైనా నమ్ముతారా?

బామ్మర్ది ఫోన్ మధ్యాహ్నానికి కలిసింది. మనుషులు క్షేమం. గేదెల్ని మేడమీదికి ఎక్కించారట, ఎట్టా ఎక్కించారో దేవుడికే తెలియాలి. నారుమడి పూర్తిగా పోయింది.

1 డిసెంబరు, బుధవారం

మళ్లీ అంచనా: డిసెంబరులోనూ దక్షిణాదిలో సాధారణం కంటే ఎక్కువ వాన. ఈసారి బామ్మర్దే చదివి నాకు ఫోన్ చేశాడు.

పొలంలో మోకాలెత్తు ఇసుక మేట. తీసేందుకు ట్రాక్టరు గంటకి ఎంతడుగుతున్నాడో చెప్పి నవ్వాడు. మిగిలిన విత్తనం ఒక్కసారే పోద్దామంటాడు. సగం ఇప్పుడు మెరక మడిలో పోసి, సగం పది రోజులాగి పొయ్యమన్నా. "రెండుసార్లు పోస్తే నాట్లు ఒక్కసారి పడవు, కూలీలకి రెండుసార్లు తిరగాల" అని గొణిగాడు. అదీ నిజమే. అయినా నేను పట్టు వదల్లేదు. రేపు మనుషులు దొరికితే మెరక మడి దున్నిస్తాడు, లేకపోతే సోమవారం.